కిరాయి గది దొరికాకే అసలు పని

మహారాష్ట్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు ఈ నెల రాసిన ఉత్తరాల్లో చాలావాటి సారం ఒకటే: బయట పడుకునే మనిషిని ఒక కప్పు కిందికి తేవడం, అక్కడ నిలిచేలా చూడడం ఎట్లా? వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు.

ప్రశ్న: బల్లార్షా స్టేషన్ బయట, మూసిన దుకాణాల అరుగుల మీద పది పన్నెండు మంది తెలుగువాళ్లు పడుకుంటున్నారు. హమాలీ పనికో, అడ్డా కూలికో వచ్చినవాళ్లే. మేం ఐదుగురం కుర్రాళ్లం, దుప్పట్లు పంచినం. ఆ తర్వాత ఏం చేయాల్నో తోస్తలేదు. (బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా)

జవాబు: ముందు పేర్లతో లెక్క తీయండి. రాత్రి పదిన్నర దాటాకే వెళ్లండి. ఏడింటికి పోతే రైలు కోసం కూర్చున్నవాళ్లు, అక్కడే ఉండేవాళ్లు కలిసిపోయి కనిపిస్తారు. ఐదుగురూ ఒక్కసారి పోవద్దు. ఇద్దరు చాలు, వారానికి రెండు రాత్రులు, ప్రతిసారీ ఆ ఇద్దరే. మొహాలు మారితే వాళ్లు తమ కథ మొదటినుంచి చెప్పుకోవాలి, మూడోసారికి ఎవరూ నోరు విప్పరు. ఫోటోలు వద్దు. "బాపూ, తిన్నవా?" అని పలకరించి కూర్చోండి. ఒక్కొక్కరికి నోటుబుక్కులో ఒక పేజీ: పేరు, ఊరు, ఎన్నాళ్లుగా బయట, ఏం పని, కూలి రోజుకా వారానికా, ఏ కాగితం ఉంది, ఏది పోయింది, ఒంట్లో బాధేమిటి, ఇంటికి పోవాలని ఉందా. ఆఖరిదానికి "లేదు" అంటే ఎందుకని అడగొద్దు.

రెండు వారాలు దాటి దగ్గుతున్నవాళ్లను ముందు సర్కారు దవాఖానకు తీసుకెళ్లి తెమడ పరీక్ష చేయించండి. టీబీ మందులు ఉచితం, తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. ఖాతా లేక ఆ డబ్బు ఆగిపోయేవాళ్లు బయట పడుకునేవాళ్లలోనే ఎక్కువ.

రెండో పని, నగర్ పరిషద్‌లో (మున్సిపాలిటీలో) 'బేఘర్ నివారా', అంటే ఇల్లు లేనివాళ్ల వసతి గురించి రాతపూర్వకంగా అడగడం. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల ప్రకారం లక్ష జనాభాకు నూరుమంది పట్టే, ఏడాది పొడుగునా తెరిచి ఉండే వసతి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగుల చోటు. మీ ఊళ్లో లేకపోతే అర్జీ ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకోండి. ఉంటే, దాన్ని మజిలీగానే చూడండి. అక్కడ ఉండగానే కాగితాల పని ముగించాలి.

ఆధార్ పోయినవాళ్లు రెండు రకాలు. ఒకప్పుడు తీసుకుని పోగొట్టుకున్నవాళ్లకు కొత్త నమోదు చేయించకండి. పాత వేలిముద్రలతో కలిసి అది తిరస్కారం అవుతుంది, నెలలు పోతాయి. ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్‌తోనే పాత నంబరు వెతికించవచ్చు. ఇటుక బట్టీల్లో, బస్తాల కింద వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటే కంటిపాపతో తీయమని అడగండి. అసలెప్పుడూ తీయనివాళ్లకు, చిరునామా కాగితం లేనివాళ్లకు ఆధార్ సంస్థ నమూనా ధ్రువపత్రం ఒకటుంది. నగరసేవకుడు (కౌన్సిలర్), తహసీల్దారు, గెజిటెడ్ అధికారి లేదా గుర్తింపు పొందిన వసతి గృహం అధికారి దాని మీద సంతకం చేయవచ్చు. అతికించిన ఫోటో మీద సగం, కాగితం మీద సగం పడేలా సంతకం, ముద్ర ఉండాలి. అది మూడు నెలలే చెల్లుతుంది, కనుక సంతకం అయిన వారంలోనే కేంద్రానికి పోవాలి.

మన తెలుగువాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు పేరు వరుస. మన దగ్గర ఇంటిపేరు ముందు: 'గుర్రం ఎల్లయ్య'. మరాఠీ దరఖాస్తులో ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు: 'ఎల్లయ్య రాజయ్య గుర్రం'. ఆధార్‌లో ఒకటి, బ్యాంకులో ఇంకొకటి, రేషన్ కార్డులో మూడోది పడితే ఎక్కడో ఒకచోట డబ్బు ఆగుతుంది. మొదటి కాగితం తీసేటప్పుడే ఒక వరుస తేల్చుకుని, ఇంగ్లీషు అక్షరాలతో సహా ఒక చీటీ మీద రాసి, జిరాక్సు తీయించి, ఆ మనిషి జేబులో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచండి. ఎల్లయ్య చివర ఇంగ్లీషు 'a' ఒకటా రెండా అన్నదానికే దరఖాస్తులు తిరిగొస్తాయి.

ఓటరు కార్డుకు ఇల్లు అక్కర్లేదు. 6వ నంబరు ఫారంలో పడుకునే చోటునే చిరునామాగా రాయవచ్చు. బూత్ అధికారి ఒకటికి మించిన రాత్రులు వచ్చి, మనిషి అక్కడే పడుకుంటున్నాడని చూసుకుంటే వేరే నివాస రుజువు అడగకూడదన్నది ఎన్నికల సంఘం నియమం.

ప్రశ్న: మేం నలుగురం కలిసి బస్టాండు దగ్గర పడుకునే ఒకాయనకు గది ఇప్పించి, రెండు నెలల కిరాయి ముందే కట్టినం. ఇరవై రోజులకు తాళం ఇంటి సేటుకిచ్చి మళ్లీ బస్టాండుకే పోయిండు. ఇసొంటి వాళ్లకు ఏం చేసినా అంతేనా? (చంద్రపూర్)

జవాబు: కాదు. మీ డబ్బూ శ్రమా వృథా పోలేదు. ఆయన తాళం పారేయకుండా తెచ్చి అప్పగించాడు, ఆ మర్యాద చూడండి. ముందు వెళ్లి, నిష్ఠూరం లేకుండా ఏం ఇబ్బంది అయిందో అడగండి. సాధారణంగా బయటపడే కారణాలు ఇవీ.

గది పనికి దూరం. తెల్లవారుజామున నాలుగింటికి లారీ దించే హమాలీకి మూడు కిలోమీటర్ల అవతల గది ఇస్తే, ఆ వేళ ఆటో దొరకదు, దొరికినా కూలిలో కొంత దానికే. ముకద్దం (కూలీల మేస్త్రీ) రెండు రోజులు చూసి వేరొకరిని పెట్టుకుంటాడు. గది కాస్త చిన్నదైనా నడక దూరంలో ఉండాలి.

కిరాయి లెక్క తప్పడం. రోజు కూలి 400, నెలలో 18 రోజులు పని అనుకుందాం, 7200 వస్తుంది. మూడో వంతు అంటే 2400, బాగానే ఉందనిపిస్తుంది. వానాకాలంలో పని పది రోజులకు పడిపోతే వచ్చేది 4000. అప్పుడు 2400 కడితే తిండికి ఏం మిగులుతుంది? కిరాయి ఎప్పుడూ పని తక్కువ నెలను చూసి ఒప్పుకోవాలి, ఇక్కడైతే 1400 దాటకుండా. నెలకొకసారి 1400 ఒక్కచోట తీయడం రోజు కూలీకి కష్టం, వారానికి 350 తీయడం తేలిక. సేటు వారం వారం తీసుకోనంటే మీలో ఒకరు వసూలు చేసి నెలాఖరున కట్టండి, చిన్న పుస్తకంలో ఆయన ముందే రాయండి. మీరు ముందుగా కట్టే రెండు నెలల్లో ఒక నెల మాత్రమే కట్టి, రెండోది పని దొరకని నెలకు దాచి ఉంచడం మేలు.

నిద్ర పట్టకపోవడం. ఏళ్ల తరబడి చెప్పులు తల కింద పెట్టుకుని, సంచి తాడు మణికట్టుకు చుట్టుకుని పడుకున్న మనిషికి మూసిన తలుపు వెనక గుండె దడ వస్తుంది. తాళం లోపల పెట్టి వరండాలో పడుకుంటారు. పక్కింటివాళ్లు "గది ఇస్తే బయటెందుకు పంటున్నడు" అంటారు, ఆ మాట ఆయన చెవిన పడుతుంది. మొదటి వారం తలుపు తీసి, గడప దగ్గర పడుకోనివ్వండి, సేటుకు ముందే చెప్పి పెట్టండి. కిటికీ ఉన్న గది చూడండి. చంద్రపూర్ మే నెల ఎండకు రేకుల గది కన్నా బస్టాండే నయం అనిపిస్తుంది, అందులో తప్పేమీ లేదు.

ఖాళీ గది. నాలుగు గోడలు ఇచ్చి వదిలేస్తే వంట ఉండదు, హోటల్ తిండికి కూలి కరిగిపోతుంది. చాప, రెండు దుప్పట్లు, దోమతెర, బకెట్, మగ్గు, మూతతో బిందె, రెండు గిన్నెలు, గరిటె, పొయ్యి, ఐదు కిలోల బియ్యం, పప్పు, ఉప్పు, కారం, నూనె, అదనంగా ఒక బల్బు: ఇవి గదిలో ముందే పెట్టండి. తాళానికి రెండు చెవులు, రెండోది ఆయన నమ్మినవాళ్ల దగ్గర. చెవి పోయిన రాత్రి సేటును లేపడానికి భయపడి బస్టాండుకు పోయి, ఇక తిరిగి రానివాళ్లున్నారు.

అన్నిటికన్నా పెద్దది ఒంటరితనం. బస్టాండులో చాయ్ తాగే తోడుంది, బీడీ అడిగే తోడుంది. గదిలో ఎవరూ లేరు. మొదటి వారం రోజూ, తర్వాతి మూడు వారాలు రోజు మార్చి రోజు, రెండో నెల నుంచి వారానికొకసారి, ఆరు నెలల దాకా పోవాలి. తనిఖీకి వచ్చినట్టు కాకుండా చాయ్ తాగి రండి. ఈ పోవడం మానేసిన చోటే గదులు ఖాళీ అవుతాయి.

తాగుడు మానితేనే గది అన్న షరతు పెట్టి ఉంటే తీసేయండి. 1992లో న్యూయార్క్‌లో మొదలైన పద్ధతి ఒకటుంది. ముందు ఇల్లు, ఆ తర్వాత వైద్యం, మానడమా మానకపోవడమా అనేది ఇంటికి షరతు కాదు. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్నే దేశమంతా చేపట్టి, ఇల్లు లేనివాళ్ల సంఖ్యను బాగా తగ్గించింది. రేపు ఎక్కడ పడుకుంటానో తెలియని మనిషి ఏ అలవాటూ మానలేడు. ఆయనకు ఇంకో గది చూడండి. రెండోసారి నిలిచేవాళ్లు చాలామంది.

ప్రశ్న: బరంపురం స్టేషన్ దగ్గర డెబ్బై ఏళ్ల తాత ఉన్నాడు. ఇచ్ఛాపురం అవతల పల్లె అంటున్నాడు. ఆంధ్రాలో పింఛను వచ్చేదట, ఇప్పుడు లేదు. ఒడిశాలో ఇప్పించవచ్చా? (బరంపురం, గంజాం జిల్లా)

జవాబు: ఒడిశాలో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను ఉంది, కాని అది ఆ రాష్ట్ర నివాసులకే. కార్డు ఆంధ్రాదైతే ముందు ఆంధ్రా పింఛనే వెతకండి. అక్కడ వృద్ధాప్య పింఛను నెలకు 4000, ఒకటో తారీఖున ఇంటికి తెచ్చిస్తారు. మనిషి ఊళ్లో లేక వరుసగా తీసుకోకపోతే ఆపేస్తారు. తాతను తీసుకుని ఆయన ఊరి సచివాలయానికి వెళ్లి, పేరు ఏ కారణంతో తీసేశారో అడిగి అర్జీ పెట్టండి. పింఛను మళ్లీ మొదలైతే ప్రతి ఒకటో తారీఖుకు ఊళ్లో ఉండగలడా, లేడా అన్నది ఆయన్నే తేల్చుకోనివ్వాలి. ఉండగలిగితే ఊళ్లోనే చిన్న అద్దె గది చూడడం మేలు, బరంపురం కన్నా ఆ 4000 అక్కడ ఎక్కువ కాలం వస్తుంది.

రేషన్ కార్డు కేంద్ర ఆహార భద్రత చట్టం కింది కార్డు అయితే బరంపురం డిపోలోనూ మనిషికి ఐదు కిలోల బియ్యం ఇవ్వాలి. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు ఆ వీలు లేదు. ఈలోపు పూట గడవడానికి, 2015లో మొదలైన 'ఆహార్' కేంద్రాల్లో ఐదు రూపాయలకు అన్నం, దాల్మా (కూరగాయల పప్పు) దొరుకుతాయి. పిల్లలు ఉండి చూడకపోతే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణకు వచ్చిన 2007 చట్టం కింద మెయింటెనెన్సు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567. కానీ తాత "వద్దు, వాళ్లని పిలవొద్దు" అంటే ఆ మాటకు విలువివ్వండి.

ప్రశ్న: మా బస్టాండులో ఒకామె, ముప్ఫై అయిదేళ్లుంటాయి, తనలో తాను మాట్లాడుకుంటుంది. తెలుగులోనే. రాత్రుళ్లు భయంగా ఉంది. పోలీసులకు చెబితే ఎక్కడో వదిలేస్తారేమో. (గుణుపురం, రాయగడ జిల్లా)

జవాబు: ఆలస్యం చేయకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 100వ సెక్షను ప్రకారం అలా తిరిగే మనిషిని రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షకు చూపించడం పోలీసుల బాధ్యత. లాకప్‌లో ఉంచకూడదు. ఇల్లు లేనిదైతే తప్పిపోయిన మనిషిగా కేసు రాసి, అయినవాళ్లను వెతకాలి. నోటిమాటగా చెప్పి రావద్దు. సెక్షను నంబరుతో అర్జీ రాసి, రసీదు తీసుకోండి. చికిత్స ఉచితంగా పొందడం ఆమె హక్కు.

ఇంతలో ఆమెతో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఒకరు రోజూ ఒకే వేళకు అన్నం తీసుకెళ్లాలి. ఊరు పేరు, తమ్ముడి పేరు, ఏ రైల్లో వచ్చిందీ అప్పుడొకటి అప్పుడొకటి బయటికొస్తాయి, అన్న మాట అన్నట్టు రాసుకోండి. ఆసుపత్రిలో ఒడియా డాక్టరుకు ఆ కాగితమే ఆమె గొంతు. ప్రమాదం కనిపిస్తే 112. రాత్రి వసతికి మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోను చేసి సఖి కేంద్రం అడగండి, అక్కడ ఐదు రోజుల వరకు ఉండనిస్తారు. మందుల గురించి సలహాకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, తెలుగులో మాట్లాడవచ్చు.

ప్రశ్న: నాకు రెండు గదులున్నాయి. బయట పడుకునేవాళ్లకు ఇయ్యమని మా వాడకట్టు కుర్రాళ్లు అడుగుతున్నరు. తర్వాత ఖాళీ చేయకపోతే? (సిరోంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు: ఎవరికిచ్చినా మహారాష్ట్రలో ఒప్పందం రాసి రిజిస్టరు చేయించాలి, ఆ బాధ్యత యజమానిదే. 1999 మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షను ప్రకారం చేయించకపోతే ఐదు వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉండవచ్చు. పైగా గొడవ వస్తే కిరాయిదారు చెప్పిన షరతులే నిజమని కోర్టు తీసుకుంటుంది. కాబట్టి మీకు రక్ష ఆ కాగితమే. పదకొండు నెలలకు రాయించండి. సాక్షులుగా ఆ కుర్రాళ్లలో ఇద్దరు సంతకం పెట్టాలి, కిరాయి ఆలస్యమైతే ఎవరికి ఫోను చేయాలో వాళ్లచేత రాయించుకోండి. డిపాజిట్ ఒక నెలకు మించి అడగకండి. కరెంటుకు వేరే సబ్‌మీటరు పెట్టించండి, మొదటి తగాదా ఎప్పుడూ కరెంటు బిల్లు మీదే వస్తుంది.