‘ఫ్యాన్ పామ్’ను తెలుగులో ఏమనాలి?

సందేహం: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. ఇంటి వెనక కాస్త జాగా ఉంటే నర్సరీ నుంచి మూడు ‘ఫ్యాన్ పామ్’ మొక్కలు తెచ్చాం. మూడింటికీ అదే పేరు చెప్పారు. కానీ ఒకటి వెండిరంగులో మెరుస్తోంది. ఒకదాని ఆకు చీలికలు లేకుండా, మడతలు మడతలుగా, గుండ్రంగా ఉంది. మూడోదాని ఆకు కొసలు చీలి కిందికి వేలాడుతున్నాయి. వీటి పెంపకం గురించి తెలుగులో రాద్దామంటే మొదటి వాక్యంలోనే టెన్షన్ మొదలైంది. ‘పామ్‌లు’ అని రాస్తే ‘పాములు’ అనుకుంటారేమో. ‘విసనకర్ర తాటి’ అనవచ్చా? అసలు తాడిచెట్టా, తాటిచెట్టా? ఆకుల్ని కొమ్మలు అంటే తప్పా?

సమాధానం: ‘పామ్‌లు’ దగ్గర మీరు ఆగడం సరైనదే. హల్లుతో ముగిసే ఇంగ్లీషు మాట వస్తే తెలుగు దాని చివర ఉకారం చేర్చి సొంతం చేసుకుంటుంది. బస్సు, కారు, పెన్ను అలా వచ్చినవే. ఆ వరసలో పామ్ ‘పాము’ కావాలి. కానీ ఆ చోట వేరే మాట ఎప్పటినుంచో ఉంది. అందుకే ఈ అరువు మాట మన నోట ఒంటరిగా నిలవలేదు, పక్కన మరో మాట తోడుంటేనే నిలిచింది. ఏలూరు జిల్లా రైతు ‘పామాయిల్ తోట వేశాను, గెలలు కోయించాను’ అంటాడు గానీ ‘పామ్‌లు వేశాను’ అనడు. మీరూ ‘పామ్ మొక్కలు’, ‘పామ్ చెట్లు’ అని రాయండి.

కొబ్బరి, పోక, తాడి, ఈత, జీలుగు అని వేటికవి పేర్లు పెట్టుకున్న మనవాళ్లు వీటన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టుకోలేదు. సంస్కృతంలో ఉంది. అమరకోశం వీటిని తృణద్రుమాలు అంది, అంటే గడ్డిజాతి చెట్లు. తాడికైతే తృణరాజమని పేరు. మానులో ఏటేటా చేరే వలయాలు లేని ఈ చెట్లను గడ్డి వరసలో చేర్చిన ఆ చూపంటే నాకు ఎంతో గౌరవం. నేటి వృక్షశాస్త్రం కూడా వీటిని గడ్డి, వెదురులతో పాటు ఏకదళబీజాల్లోనే ఉంచింది. అయితే అమరకోశం రాసిన అమరసింహుడు మొగలిని కూడా ఆ పట్టికలో చేర్చాడు. మొగలి పామ్ కాదు. కాబట్టి కుటుంబం మొత్తాన్ని చెప్పేటప్పుడు ‘పామ్ జాతి’ అనడమే ఇప్పటికి తేలిక.

ఇక తాడి, తాటి. రెండూ ఒప్పే, కానీ రెండూ చేసే పని ఒకటి కాదు. పేరు తాడి. దాని వెనక మరో మాట వచ్చి చేరినప్పుడు ఏర్పడే రూపం తాటి. వ్యాకరణంలో ఈ ‘టి’ని ఔపవిభక్తికం అంటారు. నోరు, నోటిమాట; గూడు, గూటిచిలక; ఏరు, ఏటిఒడ్డు. అలాగే తాటిపండు, తాటిముంజ, తాటిబెల్లం. తాటి, ఆకు కలిస్తే తాటాకు. ‘తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడు’ అన్న సామెతలో ఉన్నది అసలు పేరు. తాడిచెట్టు అంటే తాడి అనే చెట్టు, మామిడిచెట్టు లాంటి సమాసం. తాటిచెట్టు అన్నా తప్పు లేదు. మీ ఊళ్లోనే తాటిచెట్లపాలెం ఉంది, దువ్వాడ దాటి అనకాపల్లి వైపు వెళ్తే తాడి అనే రైల్వేస్టేషనూ ఉంది.

ఇందులో గట్టిగా పట్టుకోవలసింది, ‘తాటి’ అన్న రూపం చివర నిలబడదు. ‘విసనకర్ర తాటి’ అని ఆపేస్తే వినేవాడు తర్వాతి మాట కోసం చూస్తాడు. ‘విసనకర్ర తాడి’ అనాలి, లేదా ‘విసనకర్ర తాటిచెట్టు’ అనాలి.

వ్యాకరణం కుదిరినా ఆ పేరు నాకు సమ్మతం కాదు. విసనకర్ర అనగానే మనకు తోచేది తాటాకుతో చేసినదే. కాబట్టి ‘విసనకర్ర తాడి’ అంటే గట్ల మీద పెరిగే మామూలు తాడే మనసులోకి వస్తుంది. ఇంగ్లీషులో ‘ఫ్యాన్’ అన్న మాట ఆకు విచ్చుకునే తీరు చెప్పడానికి పనికొస్తోంది. మనకు ఆ పని ‘తాడి’ అన్న మాటే చేసిపెడుతుంది. ఆకు ఒకే చోటు నుంచి చుట్టూ విచ్చుకుంటే తాటాకు తీరు. నడిమి కాడ పొడవునా రెండు పక్కలా రెబ్బలు బారులు తీరితే కొబ్బరాకు తీరు. ఇంటర్ పుస్తకాల్లో హస్తాకారం, పిచ్ఛాకారం అని చదువుకున్నది ఈ తేడానే.

పేరు ఎలా పెట్టాలో గన్నేర్లను చూస్తే తెలుస్తుంది. గన్నేరు, పచ్చగన్నేరు, బిళ్లగన్నేరు, దేవగన్నేరు. శాస్త్రం లెక్కలో ఇవి నాలుగు వేర్వేరు ప్రజాతులు, కుటుంబం మాత్రం ఒకటే. మన జనం ఆ పోలికను ‘గన్నేరు’లో నిలిపి, తేడాను ముందు మాటలో చెప్పారు. ఈతలో చిట్టీత కూడా అంతే. ఇది చాలా చక్కటి పద్ధతి, దీన్ని వదులుకోకూడదు. కుండీకి కట్టిన చీటీని అనువదించకండి, మొక్కను చూసి పేరు పెట్టండి.

మీరు చెప్పిన గుర్తులను బట్టి వెండిరంగుది బిస్మార్కియా, మడగాస్కర్ చెట్టు. జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు మీద పెట్టిన పేరది. చెట్టు గురించి అది ఒక్క ముక్క చెప్పదు. ‘వెండితాడి’ అనండి, వినగానే రంగు కనబడుతుంది. గుండ్రని ఆకుది లికువాలా గ్రాండిస్, పసిఫిక్ సముద్రంలోని వనువాటు దీవులది. దానికి ‘మడతతాడి’ బాగుంటుంది. కొసలు వేలాడేది తూర్పు ఆసియా నుంచి వచ్చిన లివిస్టోనా చైనెన్సిస్ కావాలి. దాన్ని ‘కుచ్చుతాడి’ అనవచ్చు. ఈ మూడోదాన్ని మాత్రం ఒకసారి దగ్గరగా చూడండి. ఆకు చీలికల మధ్య తెల్లని దారాలు వేలాడుతుంటే అది లివిస్టోనా కాదు, వాషింగ్టోనియా. మట్ట అంచున ముళ్లు రెండింటికీ ఉంటాయి కాబట్టి ముళ్లను చూసి తేల్చకండి. మీ వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడు ‘వెండితాడి, అంటే నర్సరీల్లో అమ్మే బిస్మార్కియా’ అని రెండు పేర్లూ ఇవ్వండి. లేకపోతే చదివినవాళ్లు కడియం వెళ్లినా ఆ మొక్కను అడిగి తెచ్చుకోలేరు.

మరీ లేత మొక్కకు తొందరపడి పేరు పెట్టకూడదు. కొబ్బరి మొలకకు మొదట వచ్చే ఆకులు కూడా చీలకుండానే ఉంటాయి. చాలా ఆకులు మారాక గానీ అసలు తీరు బయటపడదు. ట్రావెలర్స్ పామ్‌ను కూడా ఈ లెక్కలో కలపకండి. అక్కడ విసనకర్రలా పరుచుకున్నది ఒక ఆకు కాదు, చెట్టు మొత్తం. ఆకులు అరటాకుల్లా ఉంటాయి. పేరులో పామ్ ఉన్నా అది పామ్ జాతి చెట్టు కాదు.

కొమ్మల సంగతి వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మనకున్న మాటలు వాడక తగ్గి జారిపోతున్నాయి. మీ మూడు మొక్కల్లో దేనికీ కొమ్మలు ఉండవు. పెరిగేది తలదగ్గరున్న ఒక్క మొగ్గ నుంచే. అక్కడి నుంచి వచ్చేదంతా ఆకే. ‘కొబ్బరి కొమ్మలు నరికించాం’ అని ఇప్పుడు చాలామంది అంటున్నారు. చెట్టు ఎక్కేవాళ్లు మాత్రం ‘మట్టలు కొట్టాం’ అనే అంటారు, వాళ్ల మాటే సరైనది. కొబ్బరికి మట్ట అంటే మొత్తం ఆకు కూడా అవుతుంది. తాడికి మట్ట అంటే ఆకును మోసే కాడ. ఒక తాటిమట్టను చేతిలోకి తీసుకుని అంచు చూడండి, నల్లగా, గట్టిగా, ఎగుడుదిగుడు రంపపు పళ్లు ఉంటాయి. జాగ్రత్తగా పట్టుకోకపోతే వేలు తెగుతుంది. మీ మొక్కల వర్ణనలో ‘ఆకు కాడ’ అని రాసే ప్రతిచోటా ‘మట్ట’ అని రాయండి.

విచ్చుకున్న ఆకు భాగం కమ్మ. తాటికమ్మల ఇల్లు అన్న మాట ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిందే. ఈ మాట చాలా దూరం వెళ్లింది. తాటాకును చుట్టి చెవికి పెట్టుకున్న రోజుల నుంచి చెవి కమ్మలు వచ్చాయి. తాటాకు మీద రాసి పంపిన ఉత్తరమూ కమ్మే అయింది. బంగారంతో చేయించుకున్నా ఈ రోజుకీ ఆ నగ పేరు మారలేదు. ఇంత చరిత్ర ఉన్న మాటను పక్కన పెట్టి ‘ఆకు బ్లేడు’ అని రాయడం నాకు కష్టంగా ఉంటుంది. ఆకు రెబ్బ మధ్యనుండే గట్టి పుల్ల ఈనె, కొబ్బరి ఈనెల చీపురులో ఉన్నది అదే. తలదగ్గరున్న లేత భాగం మొవ్వు. రైతులు మొవ్వుకుళ్లు అనే తెగులు అక్కడ వచ్చేదే. మొవ్వు పోతే చెట్టు పోతుంది, పక్క నుంచి మళ్లీ చిగురించే దారి ఈ మూడింటికీ లేదు. అందుకే నీళ్లు పోసేటప్పుడు, మందు చల్లేటప్పుడు ‘మొవ్వులో పడకుండా’ అని రాయండి. ‘చెట్టు పైభాగంలో పడకుండా’ అంటే ఆ ప్రమాదం తెలియదు.

పెంపకానికి పనికొచ్చే మరో మాట తేగ. తాటి టెంక పాతితే మొలక పైకి రాదు, ముందు భూమిలోకి లోతుగా దిగుతుంది. మనం తవ్వి కాల్చుకు తినేది దాన్నే. కొన్నిచోట్ల గేగు అంటారు. మీ వెండితాడి విత్తనం కూడా ఇలాగే మొలుస్తుంది. ‘వెండితాడి కూడా తేగ దింపుతుంది’ అని రాస్తే తెలుగువాడికి ఒక్క వాక్యంలో అంతా తెలుస్తుంది. వేరు కదిలితే ఈ చెట్టు ఓర్చుకోదు. చిన్న కుండీలో ఉండగానే, వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా, పూర్తి ఎండ తగిలే చోట పెట్టండి. ఒకసారి నాటాక మళ్లీ కదపకండి. పెద్దయ్యాక చాలా చోటు తీసుకుంటుంది కాబట్టి ప్రహరీకి ఆనించి నాటొద్దు.

మడతతాడి దీనికి పూర్తిగా ఎదురు. దానికి నీడ, తేమ కావాలి. కమ్మ చీలికలు లేనిది కాబట్టి గాలిని తట్టుకోలేక మడతల వెంట చిరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానును చూసినవాళ్లకు విశాఖ గాలి గురించి నేను చెప్పనక్కర్లేదు. తుపాను లేని రోజుల్లో కూడా మీ కాలనీకి సముద్రపు గాలి తగులుతుంది. ఇంటికి పడమటి వైపు, గోడ అడ్డున్న చోట, మధ్యాహ్నం దాటాక ఎండ పడకుండా ఏ పెద్ద చెట్టు నీడైనా ఉంటే అక్కడ పెట్టండి. అలాంటి చోటు లేకపోతే కుండీలోనే ఉంచి వరండాలో పెంచుకోవచ్చు.