టెక్ సందేహాలు: రాత్రిపూట ఎంఆర్ఐని ఎందుకు ఆపరు?

ప్రశ్న: మా నాన్నగారికి ఎంఆర్ఐ తీయించాం. గది తలుపు మీద ‘అయస్కాంతం ఎల్లవేళలా పనిచేస్తుంది’ అని రాసి ఉంది. స్కాన్లు లేని రాత్రివేళైనా ఆపవచ్చు కదా? అంత కరెంటు వృథాయేనా?

జవాబు: ఫ్యానుకైతే మీ లెక్క సరిపోతుంది. ఇక్కడ ఆ అయస్కాంతాన్ని నిలబెట్టే తీగకు కరెంటు ఖర్చే లేదు.

రాగి తీగలో ఎలక్ట్రాన్లకు దారిపొడవునా అడ్డంకులు తగిలి, శక్తిని వేడిగా పోగొట్టుకుంటాయి. ఎంఆర్ఐ అయస్కాంతం అంటే కరెంటు పారే తీగ చుట్టే; అందులో చుట్టేది నియోబియం-టైటానియం అనే మిశ్రమలోహపు తీగ. ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడితే దాని ఎలక్ట్రాన్లు జతకడతాయి. ఆ జతలను విడదీసేంత బలం అంతటి చలిలో పరమాణువుల కదలికకు ఉండదు. జతలు అడ్డు లేకుండా సాగిపోతాయి, అంటే నిరోధం (కరెంటుకు తగిలే అడ్డు) సున్నా అవుతుంది. ఇదే సూపర్‌కండక్టర్. 1911లో నెదర్లాండ్స్‌లోని లీడెన్‌లో శాస్త్రవేత్త కామెర్లింగ్ ఓనెస్ పాదరసంలో దీన్ని గమనించారు. కారణం తేలడానికి 1957 దాకా, అంటే బార్డీన్, కూపర్, ష్రీఫర్‌ల సిద్ధాంతం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

యంత్రాన్ని బిగించిన రోజున ఇంజినీర్లు చుట్టలోకి కరెంటు ఎక్కించి, రెండు కొసలూ కలిపేసి, సరఫరా తీసేస్తారు. ఆ కరెంటు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది! 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలమానం) యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి దాదాపు 30 వేల రెట్లు. అందుకే స్కాన్ లేకపోయినా ఇనుప ఆక్సిజన్ సిలిండరును లోపలికి తీసుకెళ్లనివ్వరు. దయచేసి ఎవరితోనూ వాదించకండి, అది ప్రాణాల మీదకు వస్తుంది.

ఈసారి వెళ్లినప్పుడు చెవి పెట్టి వినండి. ఆగకుండా లయగా వచ్చే చిన్న చప్పుడు హీలియంను చల్లగా ఉంచే శీతలీకరణ యంత్రానిది. రాత్రింబవళ్లు కరెంటు తినేది అదే. దాన్ని ఆపితే హీలియం ఆవిరవుతుంది. గోడ మీది అత్యవసర మీట నొక్కినా అంతే: తీగ వేడెక్కి, హీలియం సుమారు 700 రెట్ల వాయువుగా ఉబ్బి, గొట్టం గుండా ఆరుబయటకు పోతుంది. మళ్లీ నింపడం పెద్ద ఖర్చు.

ప్రశ్న: గది వేడిమిలోనే పనిచేసే సూపర్‌కండక్టర్ దొరికిందని 2023లో చదివాను. అది వస్తే ఫోను ఛార్జింగు వారం వస్తుందా?

జవాబు: అది దక్షిణ కొరియా పరిశోధకులు చెప్పిన ఎల్‌కే-99. మిగతా ప్రయోగశాలల్లో ఆ గుణం కనిపించలేదు. నిజంగా దొరికినా మీ ఛార్జింగు పెద్దగా పెరగదు. ఫోనులో బ్యాటరీని తినేది తీగలు కాదు. తెర వెలుగు, సిగ్నల్, చిప్పులోని ట్రాన్సిస్టర్లు. ప్రస్తుతానికి తెర వెలుగు తగ్గించి చూడండి.