తొలి మూస్ వేట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మూస్ (జింకల కుటుంబంలోని భారీ జంతువు) వేట పర్మిట్లకు తీసే లాటరీలో పేరు తగిలింది. అక్టోబరు వారం, మగ మూస్ పర్మిట్. ఇంతవరకూ కొట్టింది తెల్లతోక జింకల్ని మాత్రమే. కొత్త రైఫిల్ కొనాలా? (బాంగోర్ నుంచి ఒక పాఠకుడు)

అక్కర్లేదు. జింకకు వాడిన .308 రైఫిల్ గానీ .30-06 గానీ మూస్‌కూ సరిపోతుంది. తూటా మాత్రం మార్చండి. లోపల ముక్కలై చెదిరిపోని బాండెడ్ తూటా, లేదంటే పూర్తి రాగిది, 165 నుంచి 180 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) ది తీసుకోండి. భయపడి పెద్ద మాగ్నమ్ (ఇంకా బలంగా పేలే రకం) రైఫిల్ కొన్నవాళ్లు దాని తన్నుకి కళ్లు మూసుకుని ట్రిగ్గర్ లాగుతారు. ఆ డబ్బుతో నాలుగు పెట్టెల తూటాలు కొని, బల్లమీద కాకుండా మోకాలి మీద కూర్చుని, వంద మీటర్లలో అన్నం పళ్లెమంత గురిని తప్పకుండా కొట్టేదాకా సాధన చేయండి.

కొత్తవాళ్ల గురి పైకి పోవడానికి కారణం మూపురం. భుజాల మీద అంత ఎత్తున కనిపించేది వెన్నెముక మీది పొడవాటి ముళ్లెముకలు, కండ. ఊపిరితిత్తులు చాలా కిందుంటాయి. జంతువు పక్కకు తిరిగి నిలబడ్డప్పుడు ముంగాలి వెంట చూపు పైకి తీసుకెళ్లి, ఛాతీలో సగం ఎత్తుకు కాస్త కిందే ఆపండి.

దెబ్బ తగిలాక మూస్ చాలాసార్లు ఏమీ జరగనట్టు నిలబడే ఉంటుంది. తప్పిపోయిందనుకుని తుపాకీ దించొద్దు. నిలబడి ఉన్నంతసేపూ మళ్లీ నింపి కొట్టండి. పరుగెత్తితే అరగంట ఆగి, మొదట నిలబడ్డ చోటు నుంచి నెత్తురు వెతుక్కుంటూ వెళ్లండి. నీళ్లలో ఉన్నదాన్ని మాత్రం కాల్చొద్దు. నాలుగువందల కిలోల పైబడ్డ కళేబరాన్ని మడుగులోంచి లాగడం ఇద్దరి వల్ల అయ్యే పని కాదు.

ప్రశ్న: పిలిస్తే వస్తుందంటారు, నిజమేనా? (అదే పాఠకుడు)

ఎద పట్టున, అంటే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో, బాగా వస్తుంది. ఆడ మూస్ మూలుగును రెండుమూడు సార్లు సాగదీసి పిలిచి ఊరుకోండి. కనీసం ముప్పావుగంట కదలొద్దు. ఎక్కువగా చెడేది ఇక్కడే: పది నిమిషాలకోసారి అరిచి, విసుగొచ్చి లేచిపోతారు. మగది చప్పుడు లేకుండా గాలివాటు వైపు చుట్టూ తిరిగి, వాసన పట్టాకే బయటపడుతుంది. అందుకే పిలిచేవాడి కంటే తుపాకీవాడు గాలి పోయే దిక్కున ఓ యాభై మీటర్ల అవతల కూర్చోవాలి. ఎద అయిపోతే, చెట్లు నరికాక మళ్లీ మొలిచిన తుప్పల్లో తెల్లవారుజామున, మునిమాపున చూడండి. ఎండ కాస్తే అది దట్టమైన నీడ వదలదు.

ప్రశ్న: పడిపోయాక ఏం చేయాలి? (పోర్ట్‌లాండ్ నుంచి ఒక పాఠకురాలు; భర్తకు తోడుగా వెళ్తున్నారట)

అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. ఎముకలు తీసేసినా నూటయాభై కిలోలు దాటే మాంసం అది. మూస్ తోలు మందం, లోపల బోలుగా ఉండే వెంట్రుకలు దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతాయి. బయట చలిగానే ఉన్నా, తొడ ఎముక తుంటిలో కూర్చునే కీలు దగ్గర మాంసం ముందుగా పులుస్తుంది. కోసినప్పుడు ఆకుపచ్చగా కనిపించి, వాసన కొట్టేది అదే.

కాబట్టి ఫొటోలు రెండు చాలు, కత్తి తీయండి. మొదట పొట్ట విప్పి, పేగులూ మూత్రపు తిత్తీ చిల్లు పడకుండా బయటికి తీయాలి. ఒక కర్రముక్క అడ్డం పెట్టి ఛాతీ తెరిచి ఉంచండి. తోలు కోసేటప్పుడు కత్తి మొనను తోలు కిందికి దూర్చి, పదును పైకి పెట్టి లోపలి నుంచి బయటికి కోయండి. పైనుంచి కోస్తే తెగిన వెంట్రుకలన్నీ మాంసానికి అంటుకుంటాయి, నిమిషాల్లో కత్తీ మొద్దుబారుతుంది. దారి దూరమైతే అక్కడే నాలుగు కాళ్లూ విడదీసి, తొడ ఎముక వెంబడి లోతుగా గాటు పెట్టండి, వేడి బయటికి పోతుంది.

వెంట ఉండాల్సినవి: పది పన్నెండు సెంటీమీటర్ల అలుగున్న కత్తులు రెండు, సానరాయి, ఎముకల రంపం, ముప్పై మీటర్ల తాడు, కప్పీ, టార్పాలిన్, తల దీపాలు, ఎనిమిది నూలు మాంసపు సంచులు. ప్లాస్టిక్ సంచులు వద్దు. వేడీ తేమా లోపలే ఉండిపోయి రాత్రికి రాత్రే చెడిపోతుంది. సంచుల్ని నీడలో, గాలి ఆడేచోట, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీయండి. చల్లగది ఉన్న కసాయి దుకాణంలో ముందే చోటు మాట్లాడుకోండి. వేట వారంలో అవన్నీ నిండిపోతాయి. దారిలో ట్యాగింగ్ స్టేషన్లో నమోదు తప్పనిసరి. అక్కడ వయసు లెక్కకు మూస్ దంతం ఒకటి తీసుకుంటారు.

కార్జం వేపుడు మీద ఆశ పెట్టుకోకండి. కాడ్మియం అనే విష లోహం చేరుతుంది గనుక మూస్ కార్జం, కిడ్నీ తినొద్దని మెయిన్ ప్రభుత్వమే చెబుతోంది.

ప్రశ్న: సియాటిల్‌లో హెచ్-1బి మీద ఉన్నాను. మిత్రులు అలాస్కా వేటకు రమ్మంటున్నారు. వెళ్లొచ్చా? (ఒక పాఠకుడు)

తుపాకీ ముట్టుకోకముందే లైసెన్సు చూసుకోండి. తాత్కాలిక వీసా మీదున్నవాళ్ల దగ్గర తుపాకీ, తూటా ఉండటాన్ని అమెరికా కేంద్ర చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు వాళ్లకు ఈ చిక్కు లేదు. మీ వాషింగ్టన్ రాష్ట్రంలో 1972 జనవరి 1 తరువాత పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైతేనే తొలి లైసెన్సు ఇస్తారు. (మన దేశంలో వేటను కట్టడి చేసిన వన్యప్రాణి సంరక్షణ చట్టం అదే 1972లో వచ్చింది. ఇంట్లో వేట నేర్పే పెద్దలు దొరకరు గనుక కోర్సును మొక్కుబడిగా కానివ్వకండి.)

అమెరికాలో నివాసం లేని విదేశీయులు అలాస్కాలో పెద్ద జంతువును వేటాడాలంటే లైసెన్సున్న గైడు వెంట ఉండాల్సిందే. మీ వీసాను ఏ కోవలో లెక్కిస్తారో అలాస్కా వన్యప్రాణి శాఖ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకున్నాకే టికెట్లు కొనండి. చాలాచోట్ల బయటి రాష్ట్రాలవాళ్లు కొట్టే మగ మూస్‌కు చేటల్లాంటి ఆ కొమ్ముల వెడల్పు 50 అంగుళాలైనా ఉండాలి, లేదా నుదుటి దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన కొనలు ఒక పక్కనైనా చెప్పిన సంఖ్యలో (మూడో నాలుగో, ఆ ప్రాంతాన్ని బట్టి) ఉండాలి. వెడల్పును కంటితో అంచనా కట్టడంలో పాతకాపులూ పొరబడతారు. కొనలు లెక్కపెట్టండి, లెక్క తేలకపోతే వదిలేయండి. చిన్న విమానంలో దిగిన రోజు వేట లేదు, మర్నాడు తెల్లవారుజామున 3 దాటాలి. మాంసమంతా మోసుకొచ్చాకే కొమ్ములు తేవాలి.

ప్రశ్న: ఆడ మూస్‌ను అక్కడ ఆవు అనే అంటారట. అయితే అది గొడ్డుమాంసమేనా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు, అమ్మాయి మెయిన్‌లో ఉంటోంది)

కాదండీ. అది జింకల కుటుంబంలో అతి పెద్దది, మన కణితికి వరసకు అన్న. ఇంగ్లీషులో ఆడ ఏనుగునీ ఆడ తిమింగలాన్నీ కూడా ఆవు అనే అంటారు. మీ అమ్మాయికి ఒక్క మాట చెప్పండి: ఈ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, కాబట్టి మెత్తటి ముక్కల్ని ఎక్కువసేపు వేయిస్తే చెప్పుతోలవుతుంది. కాళ్ల ముక్కలు మాత్రం కుక్కర్లో పెట్టి, సన్న మంట మీద ముప్పావుగంట ఉంచాలి.