చిట్టెలుకకు క్యాన్సర్ ఏ దారిన చేరింది: ఒక యువ రచయిత్రికి లేఖ

తార్నాక, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

రొమ్ము క్యాన్సర్ ఒంట్లో ఒకచోటి నుంచి మరోచోటికి పాకే తీరును చిట్టెలుకల సాయంతో ఎలా అధ్యయనం చేస్తున్నారో వివరిస్తూ నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి అందింది. హబ్సిగూడ, తార్నాక పరిసరాల్లోని ప్రయోగశాలల చుట్టూ నెల రోజులు తిరిగి, అక్కడివాళ్లు ఓపికగా చెప్పినదంతా రాసుకుని వచ్చావని ప్రతి పేజీలోనూ తెలుస్తోంది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. వ్యాసంలో శ్రమ ఉంది, భాష ఉంది. అన్నిటికన్నా ముందు చెప్పవలసిన సంగతి మాత్రం లేదు. ఆ చిట్టెలుక ఊపిరితిత్తికి క్యాన్సర్ ఏ దారిన చేరిందో నువ్వు ఎక్కడా చెప్పలేదు.

నీ మొదటి వాక్యం "ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్ వ్యాప్తిని శాస్త్రవేత్తలు అడ్డుకున్నారు" అని ఉంది. ఏ ఎలుక, ఎవరి కణాలు, వాటిని ఒంట్లో ఎక్కడ ప్రవేశపెట్టారు, మందు ఎప్పుడు మొదలుపెట్టారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిస్తే తప్ప ఆ వాక్యానికి విలువ లేదు. ముందుగా ఎలుక అన్న మాటనే చూడు. పందికొక్కుకూ, ఎలుకకూ, చిట్టెలుకకూ మన భాషలో వేరువేరు పేర్లున్నా పత్రికల్లో అన్నిటినీ ఎలుకలు అనేస్తున్నాం. నువ్వు చూసి వచ్చినది పాతిక గ్రాముల బరువుండే, రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా మాత్రమే బతికే, 5 జతల పాలగ్రంథులున్న చిట్టెలుక. ఆ రెండేళ్ల ఆయుష్షును గుర్తుంచుకో, దానితో తర్వాత పని పడుతుంది.

ఇక దారుల సంగతి. చిట్టెలుక తోక సిరలోకి సన్నని సూదితో క్యాన్సర్ కణాలను ఎక్కిస్తే అవి రక్తంతో పాటు గుండె కుడి గదులకు చేరి, అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోని అతి సన్నని రక్తనాళాల్లో చిక్కుకుంటాయి. కొన్ని వారాల తర్వాత ఊపిరితిత్తి మీద మచ్చలు కనిపిస్తే, ఆ కణాలు ఊపిరితిత్తిని ఏరికోరి ఎంచుకున్నాయని రాయకూడదు. సిర దారిలో వాటికి ఎదురయ్యే మొదటి జల్లెడ అదే. పైగా రొమ్ములోని గడ్డ నుంచి విడివడటం, చుట్టూ ఉన్న కణజాలాన్ని చీల్చుకోవడం, రక్తనాళం గోడను దాటి లోపలికి చొరబడటం అన్న తొలి ఘట్టాలేవీ ఈ ప్రయోగంలో జరగనే లేదు. సగం ప్రయాణం సూదే చేసిపెట్టింది. అవే కణాలను గుండె ఎడమ గదిలోకి ఎక్కిస్తే ధమనుల వెంట ఎముకలకూ మెదడుకూ చేరగలవు కాబట్టి, ఎముకల్లో వ్యాప్తిని చూడదలచినవారు ఆ దారి ఎంచుకుంటారు. రోగి విషయంలో జరిగేదానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది మూడో పద్ధతి: పాలగ్రంథి చుట్టూ ఉండే కొవ్వులోనే కణాలను నాటి, గడ్డ పెరిగాక శస్త్రచికిత్సతో తీసివేసి, ఆ తర్వాత ఏ అవయవంలో ఏమి మొలుస్తుందో కనిపెట్టుకుని ఉండటం. ఆసుపత్రిలో మన ఆడవాళ్లు నడిచే దారి ఇదే. గడ్డను తీసేసిన తర్వాత ఎక్కడో మిగిలిన కణాలే ప్రాణం మీదికి తెస్తాయి. నువ్వు చూసిన ప్రయోగం వీటిలో ఏదో నీ రాతపుస్తకంలో ఉండే ఉంటుంది. వెతికి, మొదటి పేరాలోనే రాయి.

కణాల ఊరూ పేరూ కూడా చెప్పాలి. నువ్వు పేర్కొన్న ఎండీఏ-ఎంబీ-231 కణాలు 1973లో అమెరికాలో 51 ఏళ్ల ఒక మహిళ ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి నుంచి తీసినవి, అంటే అప్పటికే రొమ్ము దాటి వచ్చిన కణాలు. ఆమె సంతతిగా అవి నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. మనిషి కణాలను మామూలు చిట్టెలుక ఒళ్లు సహించదు కాబట్టి థైమస్ గ్రంథి లేకపోవడం వల్ల, రోగాలతో పోరాడే టీ కణాలు కొరవడిన, ఒంటిమీద వెంట్రుకలు లేని చిట్టెలుకల్లోనో, అంతకన్నా రోగనిరోధక శక్తి తక్కువైన వాటిలోనో వాటిని నాటుతారు. కాబట్టి రోగనిరోధక వ్యవస్థను పురిగొల్పి పనిచేసే మందును అటువంటి చిట్టెలుకలో పరీక్షించి చెప్పగలిగేది చాలా తక్కువ. దీనికి బదులు 4టీ1 కణాలున్నాయి. బాల్బ్-సీ జాతి తెల్ల చిట్టెలుకలో తనంతట తాను పుట్టిన రొమ్ము కణితి నుంచి వచ్చినవి కాబట్టి రోగనిరోధక శక్తి చెక్కుచెదరని అదే జాతి చిట్టెలుకలో పెరిగి, ఊపిరితిత్తులకూ కాలేయానికీ ఎముకలకూ మెదడుకూ పాకుతాయి. అయితే అది చిట్టెలుక క్యాన్సర్, మనిషిది కాదు. వారాల్లో ముగిసిపోయేంత వేగం దానిది. ఒకదానిలో మనిషి కణం ఉండి రక్షణ కొరవడుతుంది, మరొకదానిలో రక్షణ ఉండి మనిషి కణం ఉండదు. ఈ ఇబ్బందిని దాచకుండా చెబితే పాఠకుడికి శాస్త్రం మీద నమ్మకం తగ్గుతుందని భయపడకు. నా అనుభవంలో ఎప్పుడూ అలా జరగలేదు.

జన్యుమార్పిడి చేసిన చిట్టెలుకల గురించి రాసిన పేరాలో ఒక ప్రమాదం ఉంది. 1992లో రూపొందిన ఆ రకానికి పాలిఓమా వైరస్‌లోని క్యాన్సర్ పుట్టించే ఒక జన్యువును చేర్చి, అది రొమ్ములోనే పనిచేసేలా చిట్టెలుకల రొమ్ము కణితి వైరస్ నుంచి తీసిన మీటను అమర్చారని సరిగ్గానే రాశావు. ఆ రొమ్ము కణితి వైరస్ తల్లి పాల ద్వారా పిల్లలకు సోకుతుందని, 1936లో జాన్ బిట్నర్ అనే శాస్త్రవేత్త పాల ప్రభావాన్ని బయటపెట్టాడని కూడా రాసి, అక్కడితో ఆపేశావు. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఆ పేరా చదివే తల్లి ఏమనుకుంటుందో ఆలోచించు. ఇది చిట్టెలుకల సంగతి అని, తల్లి పాల వల్ల బిడ్డకు రొమ్ము క్యాన్సర్ రాదని, పాలివ్వడం వల్ల తల్లికి ఆ ముప్పు కొంత తగ్గుతుందని ఆ వెంటనే రాసి తీరాలి.

అదే పేరాలో నువ్వు దాటవేసిన విశేషం ఒకటి ఉంది. స్టీఫెన్ పేజెట్ అనే ఆంగ్ల వైద్యుడు 1889లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది మహిళల శవపరీక్ష నివేదికలను పరిశీలించి, వ్యాప్తి యాదృచ్ఛికం కాదని, విత్తనం ఎంత ముఖ్యమో అది పడిన నేలా అంతే ముఖ్యమని చెప్పాడు. పత్తి గింజ చెలకలో పడటానికీ నల్లరేగడిలో పడటానికీ తేడా తెలిసిన మన పాఠకులకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. తర్వాత శతాబ్దానికి పైగా గడిచాక, 1998లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఈ జన్యుమార్పిడి చిట్టెలుకలను వేర్వేరు జాతుల చిట్టెలుకలతో కలిపి పిల్లలను పుట్టించారు. అన్నిటిలోనూ క్యాన్సర్ పుట్టించే జన్యువు ఒకటే. అయినా ఊపిరితిత్తులకు పాకిన తీవ్రత జాతిని బట్టి బాగా మారిపోయింది. అంటే వ్యాప్తి కణితి ఒక్కదాని గుణం కాదు, ఆ ఒంటికి పుట్టుకతో వచ్చిన జన్యు నేపథ్యానికీ అందులో పాలుంది. నీ వ్యాసానికి ఇదే గుండెకాయ కావాలని నా అభిప్రాయం. దీనికి ఒక పేజీ ఇవ్వు. మిణుగురు పురుగు జన్యువును కణాల్లో చేర్చి, ఒంట్లో అవి ఎక్కడెక్కడ వెలుగుతున్నాయో కెమెరాతో చూసే పద్ధతికి నువ్వు రెండు పేజీలు కేటాయించావు. అందమైన విషయమే, కానీ అరపేజీ చాలు.

మందు ఎప్పుడు మొదలుపెట్టారన్న ప్రశ్నను నేను నష్టపోయి నేర్చుకున్నాను. కణితి చుట్టూ ఉన్న కణజాలాన్ని కోసి దారి చేసే ఎంజైములను అడ్డుకునే మందులు 1990లలో చిట్టెలుకల్లో క్యాన్సర్ పాకకుండా ఆపుతున్నాయన్న వార్తలు వచ్చినప్పుడు, ఒక దినపత్రికకు నేనే ఉత్సాహంగా రాశాను. శీర్షికలో చిట్టెలుక అన్న మాట లేదు. వారం తిరక్కుండా ఒకాయన ఆ కాగితం ముక్కను జేబులో మడిచి పెట్టుకుని నల్లగొండ జిల్లా నుంచి బస్సెక్కి వచ్చి, తన భార్యకు ఎముకలకు పాకిందని, ఆ మందు ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పమని అడిగాడు. అలాంటి మందు ఇంకా లేదని చెప్పడానికి నాకు నోరు పెగలలేదు. ఆ మందుల్లో మారిమాస్టాట్ అనేదాన్ని అప్పటికే క్యాన్సర్ పాకిన మహిళల్లో పరీక్షించారు; 2004లో వెలువడిన ఫలితాల్లో ప్రయోజనం కనిపించలేదు, కీళ్ల నొప్పులు మాత్రం మిగిలాయి. చిట్టెలుకలకు చాలావరకు వ్యాధి తొలిదశలో మందిచ్చారు, మనుషులకు ముదిరిన తర్వాత ఇచ్చారు. ఈ తేడాను గురించి నేను ఆనాడు అడగనే లేదు.

రెండేళ్ల ఆయుష్షు సంగతి ఇక్కడే వస్తుంది. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్ కొందరిలో 10, 15 ఏళ్లు నిద్రాణంగా ఉండి తిరిగి తలెత్తుతుంది. అంత నిద్రను అంత చిన్న ఆయుష్షులో పూర్తిగా చూడటం సాధ్యం కాదు. పైగా మహిళల్లో ఈ క్యాన్సర్ తరచుగా ఎముకలకు పాకితే, జన్యుమార్పిడి చిట్టెలుకల్లో ఎక్కువగా ఊపిరితిత్తులకే పాకుతుంది. ఈ రెండు మాటలూ వ్యాసం చివర జాగ్రత్తల జాబితాలో కాకుండా, ఫలితం చెప్పిన చోటే ఉండాలి.

ప్రయోగం ముగిశాక చిట్టెలుకలను "బలి ఇచ్చారు" అని రాశావు. ప్రయోగశాలలో వాడే ఇంగ్లీషు మాటకు అది అనువాదమే కావచ్చు, కానీ మన చెవికి గుడి ముందు మేకపోతు కనిపిస్తుంది. నొప్పి తెలియకుండా ప్రాణం తీశారని రాయి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1998 నాటి నియమాల ప్రకారం సంస్థలోని నైతిక సంఘం అనుమతి లేకుండా ఇటువంటి ప్రయోగం చేయకూడదని, ఎన్ని చిట్టెలుకలు అవసరమో ముందే సమర్థించుకోవాలని కూడా చెప్పు. ఆ సంఖ్య ఎంతో నీ వ్యాసంలో లేదు, తెలుసుకుని చేర్చు.

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది మహిళల్లో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడిందని, 98,000 మందికి పైగా దానితో మరణించారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. వారి ఇళ్లలో ఎవరో ఒకరు నీ వ్యాసం చదువుతారు. వాళ్లు వాడే మాట "పాకింది" అన్నదే కాబట్టి, మెటాస్టాసిస్ అన్న మాటను ఒక్కసారి పరిచయం చేసి, మిగతా అంతటా పాకడం అనే రాయి.

వచ్చే శనివారం సాయంత్రం ఇంట్లోనే ఉంటాను. తిరగరాసిన ప్రతితో పాటు నీ రాతపుస్తకం కూడా తీసుకురా. ఆ రోజు ప్రయోగశాలలో సూది ఎక్కడ గుచ్చారని రాసుకున్నావో ముందుగా ఆ పేజీ చూద్దాం.