బర్మా నాటి తిండి ముచ్చట్లు రాయబోయే అమ్మాయికి

చిరంజీవి మాధవికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ రంగూన్‌లో తిన్న తిండి గురించీ, అప్పటి ఇంటి గురించీ రాసిపెట్టాలనుకుంటున్నానని ఉత్తరంలో అన్నావు. మా అమ్మ ఉండగా ఆవిడ దగ్గర ఆ పని నేను చేశాను గనుక, నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతున్నాను.

మీ అమ్మను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకు. మొహింగా, అదే చేపల పులుసు పోసిన బర్మా సేమ్యా, వండమని అడిగి, పక్కన నిలబడి అరటి దవ్వ తరిగిపెట్టు. నిమ్మగడ్డి వేసిన చేపల పులుసు మరుగుతూ, అందులో వేయించిన శనగపిండి కలిపే వేళకు, కావడి భుజాన వేసుకొని పొద్దున్నే వీధిలోకి వచ్చే మొహింగా మనిషీ, గిన్నె పట్టుకొని గుమ్మంలో కాచుకొని ఉండే మీ మామయ్యా వాళ్లంతట వాళ్లే మాటల్లోకి వస్తారు.

కొలతల దగ్గర మాత్రం జాగ్రత్త. మన పాత తూకంలో వీశె 120 తులాలు, అంటే సుమారు 1.4 కిలోలు, బర్మా వీశె దాదాపు 1.63 కిలోలు. ఆవిడ ఏ వీశె గురించి చెబుతోందో తేల్చుకోకుండా కిలోల్లోకి మార్చావంటే ఉప్పు దగ్గర నుంచి ఙపి (చేపలో రొయ్యలో ఊరబెట్టి చేసే ముద్ద) దాకా అన్నీ తప్పుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. 1964లో అక్కడి ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేశాక మేము ఓడెక్కి వచ్చేనాటికి మీ అమ్మ బాగా చిన్నపిల్ల. ఆపైన విశాఖలో, కంచరపాలెం బర్మా క్యాంపులో, ఇరుగుపొరుగు వండిన ఖౌస్వే (బర్మా నూడుల్స్) తింటూ పెరిగింది. కాబట్టి తాను రంగూన్ రుచి అని చెప్పేవాటిలో కొన్ని విశాఖ రుచులే అయివుంటాయి. ఆ మాట ఆవిడతో అనకు. ఏ చేప వేశారు, ఏ పాత్రలో వండారు, ఎవరు వడ్డించారు అని అడుగుతూ పోతే ఊరేదో నీకే తెలుస్తుంది, దాన్ని పక్కన గుర్తుగా రాసుకో. జెల్ల దొరకనినాడు ఏ చేపతో సరిపెట్టుకున్నారో, వాసన పడని అద్దెయింటివాళ్ల కోసం ఙపి మాని ఎండురొయ్యల పొడి ఎప్పుడు మొదలుపెట్టారో తప్పక అడుగు. వంట చేసే పద్ధతి ఎవరైనా చెబుతారు, ఈ మార్పులు మాత్రం మన ఇంట్లోవాళ్లే చెప్పాలి. నా జ్ఞాపకం, మీ అమ్మ జ్ఞాపకం కలవని చోట రెండూ రాయి. మమ్మల్ని రాజీ చేయకు, చిన్నప్పటి నుంచీ అది ఎవరివల్లా కాలేదు.

రాయడం అయ్యాక ఇంకెవరికీ చూపకముందు ఆవిడకు చదివి వినిపించు. దుకాణం పోయిన రోజుల్లో మీ తాతగారి గురించి చెప్పినవేమైనా తీసేయమంటే, కారణం అడగకుండా తీసేయి.

ఇట్లు,
మీ పెద్దమ్మ