ఇంగ్లీషులో ‘ఎంప్టీ’ అంటే ఏమిటి? ప్రతి ‘ఖాళీ’కీ అదే వాడొచ్చా?

వాడకూడదు. ‘ఎంప్టీ’ అంటే లోపల ఉండాల్సింది లేకపోవడం: ఎంప్టీ గ్లాస్, ఎంప్టీ రూమ్. ఏమీ రాయని కాగితం ‘బ్లాంక్’. లోపల డొల్లగా ఉన్న దుంగ ‘హాలో’. భర్తీ కాని ఉద్యోగం ‘వేకెంట్’. కుర్చీ విషయంలో రెండూ చెల్లుతాయి కానీ తేడా ఉంది: ఎవరూ కూర్చోకపోతే ‘ఎంప్టీ’, ఎవరికీ కేటాయించకపోతే ‘వేకెంట్’. మనిషి బాత్రూమ్‌కి వెళ్తే సీటు ఎంప్టీయే, వేకెంట్ కాదు.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ‘నేను ఖాళీగా ఉన్నాను’ దగ్గర. ‘ఐ యామ్ ఎంప్టీ’ అంటే మనసు శూన్యంగా ఉందన్న అర్థం వస్తుంది. అక్కడ ‘ఫ్రీ’ అనాలి. విచిత్రమేమిటంటే, ‘ఎంప్టీ’కి మూలమైన పాత ఇంగ్లీషు పదానికి ‘తీరిక’ అనే అర్థమే ఉండేది! మధ్యలోని ‘ప’ తర్వాత వచ్చి చేరింది, ఇప్పటికీ చాలామంది దాన్ని గట్టిగా పలకరు.

క్రియగానూ వాడతారు: ‘ఎంప్టీ ద బిన్’ అంటే చెత్తబుట్ట ఖాళీ చెయ్యి. ఇల్లు ఖాళీ చేయడానికి మాత్రం ‘వెకేట్’. ‘ఆన్ ఎన్ ఎంప్టీ స్టమక్’ అంటే పరగడుపున. ‘ఎంప్టీ ప్రామిస్’ ఉత్తుత్తి మాట.