ఆత్మను పోషించడమంటే శరీరాన్ని శిక్షించడమా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా వారు రోజూ తెల్లవారుజామున ఐదింటికే లేచి గంటసేపు నడుస్తారు. ఎన్ని అడుగులు వేశారో చేతి గడియారంలో చూసుకుంటారు. రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నారు. బైబిలు చదవమంటే మాత్రం తీరిక లేదంటారు. గట్టిగా అడిగితే, దేహం దేవుని ఆలయమని పౌలే రాశాడు కదా అని నా నోరు మూయిస్తారు. ఆయన వాదన సరైనదేనా? – ఒక సోదరి, నరసరావుపేట

జవాబు: మీ వారు ఎత్తి చూపిన మాట బైబిలులో ఉన్నదే. అయితే మొదటి కొరింథీ పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు ఆ మాట రాసింది వ్యాయామం గురించి కాదు. నా దేహం నా ఇష్టం అనుకుని జారత్వంలో పడుతున్న వారిని, మీరు మీ సొత్తు కారు, విలువపెట్టి కొనబడినవారు అని మందలిస్తూ రాశాడు. పైగా ఆలయమన్న మాటలోనే జవాబు ఉంది. గోడలకు ఏటేటా సున్నం వేయించి, గచ్చు అద్దంలా కడిగించి, ఆదివారం మాత్రం తలుపు తాళం తీయని గుడిని మీ ఊళ్లో ఎవరైనా గుడి అంటారా?

అలాగని ఆయన నడక మీద విరుచుకుపడకండి. “శరీర సంబంధమైన సాధకము కొంచెము మట్టుకే ప్రయోజనకరమవును” అని తిమోతికి రాసిన పౌలు, ఆ కొంచెం ప్రయోజనాన్ని కొట్టివేయలేదు. అదే పత్రికలో తర్వాతి అధ్యాయానికి వచ్చేసరికి, తిమోతి కడుపు జబ్బుకు ఏం పుచ్చుకోవాలో కూడా చెప్పాడు. ఆత్మ సంగతులు రాస్తున్న చేత్తోనే ఒక యువకుడి కడుపునొప్పి గురించి రాయడానికి ఆయనకు చిన్నతనం అనిపించలేదు.

మీ వారితో కలిసి లూకా సువార్త పన్నెండవ అధ్యాయంలోని ధనవంతుడి ఉపమానం ఒకసారి చదవండి. పంట విరగపండింది, కొట్లు చాలలేదు, పెద్ద కొట్లు కట్టాలనుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే అతడు మామూలు రైతే. కానీ అతడు తన ప్రాణాన్ని పిలిచి, తినుము, త్రాగుము, సంతోషించుము అన్నాడు. పిలిచింది ప్రాణాన్ని, వడ్డించింది ధాన్యాన్ని. ఆ రాత్రే ప్రాణాన్ని అడిగినప్పుడు ఇవ్వడానికి అతని దగ్గర కొట్లు తప్ప ఏమీ లేవు.

శరీరానికి ఒక పూట తిండి తప్పితే గోల పెట్టి మరీ అడుగుతుంది. ఆత్మ అలా అడగదు. దాన్ని పస్తు పెట్టేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, నెలలు గడిచినా లోటు తెలియదు. తీరిక లేదనేవారిలో చాలామందికి నిజానికి లేనిది ఆ ఆకలే, దానికి వాదన మందు కాదు. ఆయన నడక ముగించి వచ్చి, చెమట ఆరేదాకా అరుగు మీద కూర్చునే ఆ పది నిమిషాల్లో, మీరు పక్కన కూర్చుని ఒక కీర్తన పైకి చదవండి. ఏమైనా అర్థమైందా అని పరీక్ష పెట్టకండి. అడుగుల లెక్కలాగా అధ్యాయాల లెక్క మొదలుపెడితే అదీ ఇంకో వ్యాయామమే అవుతుంది.

ప్రశ్న: మా అమ్మకు అరవై నాలుగేళ్లు, పన్నెండేళ్లుగా షుగరు ఉంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ సాయంత్రం వరకు ఏమీ ముట్టదు, మాత్రలు కూడా ఆపేస్తోంది. శరీర కార్యములను చంపుకోవాలి, మట్టికి పోయే దీన్ని చూసుకుంటూ కూర్చుంటే ఆత్మ ఏమవుతుంది అంటోంది. ఏం చెప్పాలో తెలియడం లేదు. – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందుగా చేయవలసిన పని చెబుతాను. ఈ వారమే అమ్మగారిని డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, ఉపవాసం సంగతి దాచకుండా చెప్పండి. మాత్ర మానేస్తే చక్కెర పెరుగుతుంది, కొన్ని రకాల మాత్రలు వేసుకుని తిండి మానేస్తే ప్రమాదకరంగా పడిపోతుంది. ఏది ఎంత మార్చాలో డాక్టరు చెప్పాలి గాని, మీరూ నేనూ చెప్పేది కాదు.

ఇక వాక్యం సంగతి. మన తెలుగు బైబిలులో శరీరము అనే ఒక్క మాట కొన్నిచోట్ల గ్రీకులోని రెండు వేర్వేరు మాటలకు వాడబడింది. ఒకటి సోమా, అంటే ఈ దేహం. రెండోది సార్క్స్. దానికి మాంసమనే మామూలు అర్థం ఉన్నా, గలతీ పత్రిక ఐదవ అధ్యాయంలో ఆత్మకు విరోధంగా పౌలు నిలబెట్టినప్పుడు అది దేవునికి లోబడని మన పాత స్వభావం. అక్కడి శరీర కార్యముల జాబితాను అమ్మగారి చేతనే చదివించండి. ద్వేషములు, కలహము, మత్సరము, క్రోధములు, కక్షలు, భేదములు, అసూయలు: వీటిలో ఏది పస్తుంటే పోతుంది? తోడికోడలితో పదేళ్లుగా మాటలు లేకుండా నలభై రోజులు నిష్ఠగా ఉపవాసం ఉన్నవారిని నేను ఎరుగుదును.

మా సంఘంలో ఒక పెద్దమ్మ మూడో శుక్రవారం ప్రార్థన మధ్యలో కళ్లు తిరిగి గచ్చు మీద కూలబడ్డారు. ఎవరో పరుగున పంచదార నీళ్లు తెచ్చి పట్టించారు. కళ్లు తెరిచి, కొంగుతో మూతి తుడుచుకుని, ఆమె అడిగిన మొదటి మాట, “నా ఉపవాసం చెడిందా, అయ్యగారూ?” ఆ ప్రశ్న విన్నాక ఇన్నేళ్లుగా మేము బోధించింది ఏమిటని నాకు సిగ్గేసింది.

ఇది కొత్త పొరపాటు కూడా కాదు. నాలుగవ శతాబ్దంలో అంతియొకయకు చెందిన యోహాను, తర్వాత బంగారు నోటివాడని పేరు పొందినవాడు, కొండ గుహలో రెండేళ్లు నిద్రాహారాలు తగ్గించుకుని కఠోరంగా గడిపాడు. కడుపు, మూత్రపిండాలు దెబ్బతిని ఊరికి తిరిగి రావలసి వచ్చింది, ఆ అనారోగ్యం జీవితాంతం వదలలేదు. ఆయన ప్రసంగాలు సంఘానికి దక్కింది తిరిగి వచ్చిన తర్వాతే. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు, “నీవు లేచి భోజనము చేయుము” అన్నాడు, అదీ రెండుసార్లు. హోరేబు కొండ మీద దేవుని స్వరం వినబడింది ఆ భోజనం బలంతో నడిచి వెళ్లాకే.

ఉపవాసం వద్దని నేను అనడం లేదు, యేసు ప్రభువే ఉపవాసం ఉన్నాడు. అమ్మగారు వేళకు తిని, వేళకు మాత్ర వేసుకుని, ఈ నలభై రోజులూ టీవీ సీరియళ్లు మానవచ్చు, ఒకరిపై చాడీలు చెప్పడం మానవచ్చు. యెషయా యాభై ఎనిమిదవ అధ్యాయం చెప్పినట్లు, తన వంతు అన్నంలో కొంత ఆకలిగొన్నవారికి పెట్టవచ్చు.

ప్రశ్న: మా సంఘం నెలనెలా పేదలకు బియ్యం పంచుతోంది. ఇది శరీర సంబంధమైన పని, సంఘం చేయవలసింది ఆత్మల సంపాదన, అంటే మనుషులను విశ్వాసంలోకి తేవడం అని కొందరు పెద్దలు అడ్డుపడుతున్నారు. – ఒంగోలు నుండి ఒక యువకుడు

జవాబు: మీ ఊరి చరిత్రే ఆ పెద్దలకు గుర్తుచేయండి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి దొరికేలా చేశాడు. ఆ రోజుల్లో ఎంతమంది అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం విశ్వాసం పలికించినట్లవుతుందని. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బియ్యం మూట ఇచ్చేటప్పుడు సంఘంలో చేరతావా అని మాత్రం అడగకండి.